తమ్ముడింటి చుట్టూ ఏడు రౌండ్లు

హలో, హలో... వినపడుతోందా? అందరికీ వందనాలండీ! ఇంట్లో అంతా బాగున్నారా? నాకు మాత్రం ఇవాళ ఒక్కచోట కూర్చోబుద్ధి కావట్లేదు, అంత హుషారుగా ఉంది. ఒక టైలరుగారు సాతాను మీద యుద్ధానికి బయల్దేరిన కథ చెప్తాను. పొయ్యి మీద ఏమైనా ఉంటే ముందు ఆపేసి రండి. మధ్యలో లేవనివ్వను.

శనివారం పొద్దున ఆరింటికి టైలరుగారు నిద్ర లేచారు. ఊరికే లేవలేదు, సైనికుడిలా లేచారు. మొహం కడుక్కుని, అద్దం ముందు నిటారుగా నిలబడి, భార్యని పిలిచారు.

"ఏమేవ్, నేను కవచం వేసుకుంటున్నాను."

"ముందు ఆ చిరుగు బనీను మార్చుకోండి," అంది ఆవిడ వంటింట్లోంచి.

కవచం అంటే ఇనుపది కాదండీ. విశ్వాసి సాతానుతో పోరాడాలంటే సత్యాన్ని నడుముకి కట్టుకోవాలి, నీతిని ఛాతీకి తొడుక్కోవాలి, కాళ్లకి సమాధానం అంటే శాంతి, చేతికి విశ్వాసమనే డాలు, నెత్తికి రక్షణ, ఇంకో చేతిలో వాక్యమనే కత్తి. మన టైలరుగారు ముప్పై ఏళ్లుగా జనానికి బట్టలు కుట్టిన మనిషి. ఒక్కొక్కటీ ప్రార్థన చేస్తూ, చేత్తో తడిమి చూసుకుంటూ వేసుకున్నారు. నడుము దగ్గర కొంచెం బిగించారు. చివరికి ఆయనకి ఒక అనుమానం వచ్చింది.

"అన్నీ ముందు వైపే ఉన్నాయేంటి? వీపుకి గుడ్డే లేదు!"

"వెనక్కి తిరిగి పారిపోకూడదని పాస్టరు అయ్యగారు మొన్న చర్చిలో చెప్పలేదా? మీరు నిద్రపోయారు," అంది భార్య.

ఇంతకీ యుద్ధం ఎందుకో చెప్పలేదు కదూ. టైలరుగారికి ఒక్కడే తమ్ముడు, డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. అన్నదమ్ముల మధ్య నాలుగేళ్లుగా మాటల్లేవు. గొడవ పెద్దదేం కాదు. పెద్దదైతే ఎప్పుడో తీరిపోయేది. సంఘం వార్షికోత్సవానికి టైలరుగారు తమ్ముడికి కొత్త ప్యాంటు కుట్టారు. తమ్ముడు నిండు సభలో, మైకు పక్కనే మోకరించాడు. వెనక కుట్టు ఈ చివర నుంచి ఆ చివరదాకా విడిపోయింది. ఆ చప్పుడు బాక్సుల్లోంచి వీధి చివరికి వినపడింది.

"నీది దారమా, పేలికా?" అన్నాడు తమ్ముడు.

"మార్చిలో కొలతలిచ్చి డిసెంబరు దాకా తింటే నా దారమేం చేస్తుందిరా?" అన్నారు అన్నగారు.

అంతే. అప్పట్నుంచి ఒకే చర్చిలో ఒకరు కిటికీ పక్కన, ఒకరు ఫ్యాను కింద. అందరూ చేతులు కలిపే సమయానికి ఇద్దరూ పైకప్పు చూస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే శనివారం ఆ తమ్ముడి కూతురి పెళ్లి. అందరికీ కార్డులు అందాయి, టైలరుగారింటికి మాత్రం రాలేదు. ఆ పిల్ల పుట్టిన మూడో రోజున తొడిగిన చొక్కా నుంచి కాలేజీ ఆఖరి రోజు గౌను దాకా అన్నీ ఆయన మిషన్ మీద పుట్టినవే. పెద్దనాన్న లేకుండా ఆ పిల్ల పెళ్లయిపోతుందని గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి సూది వేలికి దిగేది. వారంలో మూడుసార్లు దిగింది.

తమ్ముడి మీద నాలుగు మాటలు చెప్పుకుందామని పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్తే ఆయన నవ్వారు. "మీ యుద్ధం మీ తమ్ముడితో కాదు బ్రదర్. మీ మధ్య దూరి కూర్చున్న శత్రువుతో. యెరికో కోట గుర్తుందా? చుట్టూ తిరిగారు, నోరు మెదపలేదు, చివర్లో ఒక్క కేక వేశారు. గోడలు పడిపోయాయి. మీరూ అలా ప్రార్థన చేస్తూ తిరగండి."

ఆ పాత కథలో అది ఏడు రోజుల పని. టైలరుగారికి ఇవ్వాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి కాబట్టి ఏడు రౌండ్లూ ఒక్కపూటలో కానిద్దామనుకున్నారు. తమ్ముడిల్లు కూడా దానికి సరిగ్గా కుదిరింది. ముందు వీధి, మిగతా మూడు వైపులా సందులు, మధ్యలో ఇల్లు. ఒక్కటే నియమం. గడప దాటిన దగ్గర్నుంచి ఏడో రౌండు అయ్యేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మాట జారితే యుద్ధం ఓడినట్టే.

"ఏమండీ, మెడలో ఆ..." అని భార్య ఏదో చెప్పబోయింది. టైలరుగారు అప్పటికే గడప దాటేశారు. ఇది సాతాను పెట్టిన మొదటి శోధన అనుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. ఆవిడ చెప్పబోయింది మెడలో వేలాడుతున్న కొలతల టేపు గురించి. ముప్పై ఏళ్ల అలవాటు కదండీ, అది ఉన్నట్టు కూడా ఆయనకి తెలీదు.

మొదటి రౌండు. మరదలు గేటు దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తోంది. నాలుగేళ్లుగా ఈ వీధి తొక్కని బావగారు, మెడలో టేపుతో, పెదాలు కదుపుతూ, గోడ పొడవునా అడుగులో అడుగేసుకుంటూ వెళ్తున్నారు.

"బావగారూ! ఏంటి, ఏం చూస్తున్నారు?"

టైలరుగారు తల వంచుకుని వెళ్లిపోయారు. ఆవిడ గొట్టం అక్కడే పడేసి ఇంట్లోకి పరిగెత్తింది.

"ఏమండోయ్! మీ అన్నయ్య మన ఇల్లు కొలుస్తున్నాడు! పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు! వాటా అడుగుతాడో ఏంటో!"

తమ్ముడు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. "కొలుచుకోనీ. నేను ఆ మొహం చూడను. గేటుకి గడియ పెట్టి రా, ఆ పరదాలు వేసెయ్." మరదలు గడియ పెట్టి వచ్చి, ఇంటి కాగితాల కోసం మంచం కింద ఉన్న ట్రంకు పెట్టెలో తల దూర్చింది.

రెండో రౌండులో ఎదురింటి రిటైర్డ్ నర్సమ్మగారు తగిలారు. పలకరిస్తే పలకలేదు. చూపు ఒకే చోట నిలిచింది. పెదాలు వణుకుతున్నాయి. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో చేసిన మనిషి, ఆవిడకి ఇంకేం కావాలి?

"అయ్యో, ఇది పక్షవాతమే! మీ పేరు చెప్పండి! ఎడం చెయ్యి ఎత్తండి!"

టైలరుగారు ఎత్తింది కుడిచెయ్యి. 'అడ్డం రాకమ్మా' అని దాని భావం. ఎడమకీ కుడికీ తేడా తెలియట్లేదని నర్సమ్మగారు రాసేసుకున్నారు. లోపలికి వెళ్లి బీపీ మిషన్ తెచ్చుకుని వెంటపడ్డారు. నడిచే మనిషి జబ్బకి పట్టీ చుట్టాలంటే ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. పట్టీ మూడుసార్లు ఊడిపోయింది. మూడో రౌండుకి ఆవిడ మణికట్టు పట్టుకుని పక్కన పరిగెత్తుతూ గట్టిగా అరిచారు.

"పల్సు అందట్లేదు! ఎవరైనా రండి! టైలరుగారికి పల్సు అందట్లేదు!"

ఈ మాట మలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ల చెవిన పడింది. వాళ్ల దగ్గర్నుంచి పాల బూత్‌కి, బూత్ నుంచి మందుల షాపుకి వెళ్లింది. మందుల షాపుకి చేరేసరికి టైలరుగారు పోయి పావుగంట అయింది.

నాలుగో రౌండుకి వెనక పాతికమంది ఉన్నారు. వీధిలో పలకరింపుకి వచ్చినవాళ్లు ఏం చేస్తారు? ముందువాళ్లు నడుస్తుంటే నడుస్తారు, ముందువాళ్లు మాట్లాడకపోతే మాట్లాడరు. గ్యాస్ సిలిండర్లు వేసే ఆయన బండి పక్కకి ఆపి, వరసలోకి వచ్చి, అందరికంటే ముందున్న పెద్దమనిషి పక్కన చేరాడు. పెద్దమనిషి ఎవరో ఆయనకి తెలీదు.

"టైలరంట కదండీ పోయింది?" అన్నాడు టైలరుగారితో, గొంతు తగ్గించి.

టైలరుగారు నడుస్తూనే తల తిప్పి ఆయన మొహంలోకి చూశారు.

"మంచోడేనంట. కానీ ఒక్కడికీ టైముకి ఇచ్చేవాడు కాదంట. మా బావమరిది కోటు రెండు నెలల్నుంచి ఆయన దగ్గరే ఉంది. చెయ్యి కొంచెం పొట్టిగా కుట్టేవాడంట కూడా. పోయినోళ్ల గురించి ఎందుకులెండి."

ఇదిగో, ఇక్కడ చూడాలండీ ఆత్మీయ పోరాటం అంటే! ఎవరి కుట్టు పొట్టి? ఏ బావమరిది? ఆ బావమరిది ఇప్పటిదాకా గుడ్డ ఇచ్చాడు గానీ లైనింగ్ ఇచ్చాడా? పదిహేను జవాబులు టైలరుగారి గొంతుదాకా వచ్చి, పళ్ల దగ్గర ఆగిపోయాయి. మండే బాణాలు ఆర్పాలంటే డాలు ఎత్తాలి అని గుర్తు చేసుకున్నారు. ఎత్తారు. చెమటలు కారాయి గానీ మాట జారలేదు. వేలు మాత్రం పైకి చూపించారు, 'అన్నీ ఆయన చూస్తున్నాడు' అన్నట్టు.

"అవును లెండి, అందరం అక్కడికే కదా," అని సిలిండరాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఐదో రౌండులో పాస్టరు అయ్యగారు స్కూటరు మీద ఊపిరాడకుండా వచ్చారు. టైలరు పోయాడని ఆయనకి కబురు అందింది. వచ్చి చూస్తే ఏముంది! టైలరు బతికే ఉన్నాడు, కోట చుట్టూ తిరుగుతున్నాడు, వెనక వీధి వీధంతా మౌనంగా తిరుగుతోంది! పద్నాలుగేళ్ల సేవలో ఆయన ఇంత పెద్ద ప్రార్థన నడక చూడలేదు. ఆనందం పట్టలేక, గ్రంథం గుండెకి హత్తుకుని, కళ్లు సగం మూసుకుని, టైలరుగారి పక్కన చేరిపోయారు. నియమం ఆయనే పెట్టారు కాబట్టి ఆయన కూడా నోరు విప్పలేదు. నర్సమ్మగారు మాత్రం అరుగు మీద కూలబడి తన బీపీ తనే చూసుకుంటున్నారు.

అయ్యగారు గ్రంథంతో ముందు నడుస్తుంటే ఇంకెవరికైనా అనుమానం ఉంటుందా? రోడ్డున పోయే ఆటోలు ఆగాయి. టోపీలు తీసేవాళ్లు తీశారు. డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఒకావిడ తమ్ముడి స్కూల్ కారులో వచ్చి, ఊరేగింపు చూసి కంగారులో బ్రేకు బదులు హారన్ నొక్కింది. అది ఇరుక్కుపోయి మోగుతూనే ఉంది.

ఆరో రౌండు పూర్తయ్యే సమయానికి గేటు ముందు కారు ఆగింది. దిగింది పెళ్లికొడుకు తల్లి. ఆవిడ చేతిలో బండి చక్రమంత పూలదండ, దానికి నల్ల రిబ్బను. గేటుకి గడియ ఉంది కాబట్టి ఆవిడ గోడ మీదుగా చూస్తూ కాబోయే కోడలికి ఫోన్ చేసింది.

"అమ్మా, మీ పెద్దనాన్న పోయారంట కదమ్మా! ఇప్పుడే తెలిసింది. ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని వచ్చే వారం పెళ్లేం చేస్తాం? మావాడికి ఓడ డ్యూటీ కాబట్టి మళ్లీ ఏడాదికి గానీ సెలవు దొరకదు. అయినా తప్పదు, వాయిదా వేసేద్దాం. ఇప్పుడే హాలు వాళ్లకి చెప్పేస్తాను."

ఈ మాటలు టైలరుగారు మూడు అడుగుల దూరం నుంచి విన్నారు. ఆ పిల్ల పెళ్లి ఏడాది వాయిదా! అది కూడా తను పోయినందుకు! 'అమ్మా, నేనే టైలర్ని' అంటే చాలు, రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఇంకా ఒక్క రౌండు ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆరు రౌండ్లూ వృథా, తమ్ముడు ఇక జన్మలో కలవడు. తెరవకపోతే పెళ్లి పోతుంది. ఆవిడ హాలు వాళ్ల నంబరు వెతుకుతోంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిందేమో, ఫోనుని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని వెతుకుతోంది. కొంచెం టైముంది.

టైలరుగారు ఒక్క ఉదుటున పరుగందుకున్నారు.

అయ్యగారూ పరిగెత్తారు. అయ్యగారు పరిగెత్తాక ఇంకెవరు ఆగుతారు? సిలిండరాయన, పాల బూత్ వాళ్లు, మందుల షాపు మొత్తం, యాభైమంది అడ్డం పడి పరిగెత్తారు. లోకంలో ఇంత వేగంగా వెళ్లిన శవయాత్ర ఇంకోటి ఉండదు.

ఇంట్లో పెళ్లికూతురు ఫోన్ చేతిలోంచి జారవిడిచింది. "నాన్నా! పెద్దనాన్న పోయాడంట!"

తమ్ముడి చేతిలో రేజరు ఆగిపోయింది. సగం గడ్డం గీశాడు, సగం నురగ ఉంది.

"ఇందాకే చూశానండీ, నిక్షేపంగా కొలుస్తున్నారు!" అని మరదలు అరిచింది. తల ట్రంకు పెట్టెలో ఉంది కాబట్టి ఎవరికీ వినపడలేదు.

తమ్ముడు ఇంకేం ఆలోచించలేదు. ముందు గేటు దగ్గర జనం ఉన్నారని పక్క తలుపు తీసుకుని, భుజం మీద తువ్వాలుతో, చెప్పుల్లేకుండా సందులోకి పరిగెత్తాడు. "అన్నా! అన్నా!" అని గొంతు పగిలేలా ఏడుస్తున్నాడు. నాలుగేళ్లుగా ఆ పిలుపు ఆ నోట్లోంచి రాలేదు. మలుపు తిరగ్గానే ఎదురుగా వస్తున్న ఒకాయన్ని ఢీకొట్టాడు.

"జరగవయ్యా! మా అన్న పోయాడు!" అంటూ పక్కకి తోశాడు. తోసి, రెండడుగులు వేసి, ఆగి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అన్నా?"

టైలరుగారు తల ఊపారు.

"బతికే ఉన్నావా?"

మళ్లీ ఊపారు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మాట మాత్రం లేదు.

తమ్ముడు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసేశాడు. నురగంతా అన్నగారి చొక్కాకి అంటింది. "నీ దారం మంచిదే అన్నా, నేనే లావయ్యాను. ఎందుకన్నా మాట్లాడవు? ఇంకా కోపం పోలేదా? తిట్టు. పోనీ కొట్టు. ఒక్క మాట మాట్లాడన్నా!"

గేటు దాకా ఇంకా ఇరవై అడుగులుంది. అప్పటికి టైలరుగారి గుండె కుట్టు మిషన్ కంటే వేగంగా కొట్టుకుంటోంది. తమ్ముణ్ణి అలాగే వాటేసుకుని, సగం ఎత్తుకుని, సగం ఈడ్చుకుంటూ నడిచారు. తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు, ఏడుస్తూనే వెనక్కి అడుగులు వేశాడు. అయ్యగారు కూడా ఓ చెయ్యి వేసి తోశారు. పదిహేను. పది. ఐదు. గేటు!

హల్లెలూయ అని అరవాలని పొద్దున్నుంచి గొంతులో తయారుగా పెట్టుకున్నారు. తీరా నోరు తెరిచేసరికి వచ్చింది వేరు.

"ఒరేయ్ తమ్ముడూ! నేను చావలేదురా! పిల్ల పెళ్లి ఆపొద్దని చెప్పరా!"

తీగల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఇరుక్కుపోయిన హారన్ కూడా దడుచుకుని ఆగిపోయింది. పక్కనున్న పెద్దమనిషే పోయిన టైలరని తెలిసి, సిలిండరాయన ఉన్నచోటే కూర్చుండిపోయాడు. హల్లెలూయ సంగతి అయ్యగారు చూసుకున్నారు. ఆయన అరిచిన అరుపుకి లోపల మరదలు తల ఎత్తబోయి, ట్రంకు మూత తగిలి మళ్లీ లోపలికి వెళ్లింది.

పెళ్లికొడుకు తల్లి హాలు వాళ్ల నంబరు దొరికి నొక్కబోతూ ఆగిపోయింది. టైలరుగారిని పైనుంచి కిందికి చూసింది, చేతిలో దండ చూసింది.

"పోలేదా అయితే?"

"లేదమ్మా," అన్నారు టైలరుగారు, తప్పు చేసినవాడిలా.

"రిబ్బను మీద మీ పేరు కూడా రాయించాను. ఇప్పుడు పూలకొట్టు వాడు వెనక్కి తీసుకోడు," అని నిట్టూర్చి ఫోన్ సంచిలో పెట్టేసింది. "సరే, పెళ్లి శనివారమే. కానీ అన్నయ్యగారూ, ఈ వారం రోజులూ కాస్త జాగ్రత్తగా ఉండండి."

అరగంట తర్వాత అందరూ తమ్ముడింట్లో టీ తాగుతున్నారు. పెళ్లికూతురు పెద్దనాన్న కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుంది. టైలరుగారు చుట్టూ తిరిగిన కారణం మొత్తం చెప్పారు, మీ ఇంట్లో దూరిన శత్రువుని తరమడానికి వచ్చానని. అంతా నవ్వారు గానీ తమ్ముడు మాత్రం నవ్వలేదు. తలవంచుకున్నాడు.

"అన్నా, ఒక సంగతి. పోయిన నెల నేనూ నీ షాపు చుట్టూ తిరిగాను. ఏడు రౌండ్లు."

"నువ్వా? నా షాపుకి చుట్టూ దారెక్కడుందిరా? షాపుల వరస మధ్యలో ఉంటే!"

"అదే కదా బాధ. నీ షాపు చుట్టూ తిరగాలంటే బజారు మొత్తం తిరగాలి. ఒక్కో రౌండు కిలోమీటరు. ఏడోసారికి కాళ్లు పట్టేసి, కేక వెయ్యడానికి ఊపిరి లేదు."

టైలరుగారు కప్పు కింద పెట్టారు. "ఆ రోజు నువ్వు నా ముందు నుంచి మాటా పలుకూ లేకుండా ఊరికే పోతుంటే, నన్ను వెక్కిరిస్తున్నావనుకుని షట్టరు దించేశాను!"

"కోట తలుపులు మూసుకున్నాయి, శత్రువుకి గట్టిగా తగిలిందని నేను సంతోషపడ్డాను," అన్నాడు తమ్ముడు. బీరువా తీసి, ఒక పెళ్లికార్డు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. మూలలు నలిగి, చెమటకి సిరా చెదిరిపోయి ఉంది. "మొదట రాసింది నీ కార్డే అన్నా. గోడ పడగానే ఇద్దామని ఆ రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాను."

టైలరుగారు కార్డుని మోకాలి మీద పెట్టుకుని, నలిగిన మూలలు వేలితో సాపు చేశారు. తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే అయ్యగారి వైపు తిరిగారు. ఆయన టీ కప్పులోకి చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"ఇద్దరూ విడివిడిగా వచ్చారు బ్రదర్. ఇద్దరూ ఎవరికీ చెప్పొద్దన్నారు. నాకేమో తెలిసిన ఉపాయం అదొక్కటే."

సరిగ్గా అప్పుడు టైలరుగారి భార్య తాపీగా లోపలికొచ్చింది.

"మీరు పోయారని ముగ్గురు ఫోన్ చేశారు. నమ్మలేదు. ముల్లు గుచ్చుకుంటేనే నాకు నాలుగుసార్లు ఫోన్ చేసే మనిషి, పోతే చెయ్యకుండా ఉంటారా?" అంది. విషయమంతా విన్నాక కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే నాలుగేళ్లుగా ఆ సాతాను మన రెండిళ్ల వైపూ వచ్చే ఉండడు. వాడి పనంతా మీరిద్దరే చేసిపెడుతుంటే వాడికెందుకు శ్రమ?"

అదండీ సంగతి! నచ్చితే ఈ కథ మీ వాళ్లందరికీ పంపండి. మీతో మాట్లాడని అన్నో తమ్ముడో ఉంటే ముందు వాళ్లకి పంపండి. దానికి వాళ్లింటి చుట్టూ తిరగక్కర్లేదు, ఫోన్ నంబరుంటే చాలు.